ఇంట్లో చీజ్ రోల్స్: చీజ్ కారిపోకుండా, రొట్టె గట్టిపడకుండా చేయడం ఎలా?

శ్రావణమేఘం

సభ్యులందరికీ నమస్కారం. మేము విజయవాడలో ఉంటాము. ఇంట్లో ఉన్న చిన్న ఓటీజీలో బన్నులు, పావ్ చాలాకాలంగా చేస్తున్నాను, అవి మెత్తగానే వస్తున్నాయి. అదే పిండిని చపాతీలా పరిచి, తురిమిన మొజరెల్లా చల్లి, చాపలా చుట్టి, ముక్కలుగా కోసి చీజ్ రోల్స్ చేస్తే మాత్రం ఫలితం వేరుగా ఉంటోంది. చీజ్ సగానికి పైగా అడుగుకు కారి ట్రేలో మాడిపోతోంది. రోల్ విప్పి చూస్తే చుట్టకూ చుట్టకూ మధ్య ఖాళీ ఏర్పడి, పిండి ఒక పొర, జిడ్డు ఒక పొరగా విడివిడిగా కనిపిస్తోంది. మర్నాటికి రొట్టె గట్టిపడి పిల్లలు ముట్టుకోవడం లేదు. మేము గుడ్డు తినము. 200 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు కాలుస్తున్నాను. మార్చవలసింది చీజ్‌నా, పిండినా, కాల్చే తీరునా అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

బేకరీపొయ్యి

నమస్కారం అండి. సమాధానం చెప్పే ముందు కొన్ని విషయాలు తెలియాలి. మొజరెల్లా దిమ్మగా కొని మీరే తురుముతున్నారా, తురిమిన ప్యాకెట్ కొంటున్నారా? దాన్ని ఫ్రీజర్‌లో నుంచి తీసి నేరుగా చల్లుతున్నారా? ట్రే ఏ అరలో పెడుతున్నారు? చుట్టిన తరువాత రెండోసారి ఎంతసేపు పొంగనిస్తున్నారు?

శ్రావణమేఘం

తురిమిన ప్యాకెట్టే అండి, ఫ్రీజర్‌లో నుంచి తీసి వెంటనే చల్లుతాను. ట్రే అన్నింటికన్నా కింది అరలో పెడతాను, పైరాడ్డు, కిందిరాడ్డు రెండూ వెలిగిస్తాను. రెండోసారి గంటకు పైగానే ఉంచుతాను, బాగా ఉబ్బి కనిపించాకే కాలుస్తాను.

బేకరీపొయ్యి

అయితే మీ మూడు సమస్యలకూ మూలం దాదాపు ఒక్కటే. చీజ్‌లో నీరు ఉంటుంది, పిండిలోనూ నీరు ఉంటుంది. పొయ్యిలో ఆ నీరు ఎప్పుడు, ఎటు పోతోందన్నదే ఈ వంటకంలో అసలు సంగతి. ఫ్రీజర్‌లోని తురుము మీద మంచు పలుకులు ఉంటాయి, గడ్డకట్టి కరిగిన మొజరెల్లా తన నీటిని మునుపటిలా పట్టి ఉంచలేదు. ఆ తడి పిండి పొర మీద నిలిచి, కాలేటప్పుడు ఆవిరై పైపొరను పైకి తోస్తుంది. కరిగిన కొవ్వు పొరల మధ్య పరుచుకుంటే అవి మళ్లీ అతుక్కోవు. మీకు కనిపిస్తున్న ఖాళీ అలా ఏర్పడినదే. కాబట్టి తురుమును ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లో నుంచి ఫ్రిజ్‌లోకి మార్చి, చల్లే ముందు పొడిగుడ్డ మీద పరిచి తడి లాగేయండి. 150 గ్రాముల చీజ్‌కు ఒక టేబుల్ స్పూన్ మొక్కజొన్న పిండి కలిపితే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది.

ఇక వేడి సంగతి. కింది అరలో కిందిరాడ్డు ట్రేకు మరీ దగ్గరగా ఉంటుంది. రొట్టె మధ్యభాగం ఇంకా పచ్చిగా ఉండగానే అడుగు మాడుతుంది, చీజ్ ముందే కరిగి దారి వెతుక్కుంటుంది. మధ్య అరలో పెట్టి, 180 డిగ్రీలకు పదిహేను నిమిషాలు ముందుగా వేడిచేసిన ఓటీజీలో 20 నుంచి 22 నిమిషాలు కాల్చండి. వీలైతే ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనండి, ఎందుకంటే చిన్న ఓటీజీల మీటకూ లోపలి వేడికీ చాలాసార్లు పొంతన ఉండదు. రొట్టె మధ్యలో వేడి 90 డిగ్రీలకు చేరితే ఉడికినట్లే. ఆ తరువాత ప్రతి నిమిషమూ రొట్టెలోని తేమను తగ్గిస్తుంది తప్ప మేలు చేయదు.

రెండోసారి పొంగడం విషయంలో మీరు ఎక్కువసేపు ఆగుతున్నారని నా అనుమానం. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకే పైకి రావాలి. గుంట అలాగే నిలిచిపోతే పిండిలో సత్తువ అయిపోయినట్లు. అలాంటి పిండి కరిగిన చీజ్ బరువును మోయలేక కుంగుతుంది.

పిండి కొలతలు గుడ్డు లేకుండా ఇలా సరిపోతాయి. మొత్తం 300 గ్రాముల మైదాలో 20 గ్రాములు పక్కకు తీసి, 100 మిల్లీలీటర్ల పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె గీత నిలిచేదాకా చిక్కబరచి చల్లార్చండి. మిగిలిన 280 గ్రాముల మైదాలో 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 20 గ్రాముల చక్కెర, 5 గ్రాముల ఉప్పు, ఆ గంజి, మరో 100 నుంచి 110 మిల్లీలీటర్ల పాలు వేసి కలపండి. ముద్ద సాగడం మొదలయ్యాక 30 గ్రాముల మెత్తని వెన్నను కొంచెం కొంచెంగా చేర్చి, చిన్న ముక్కను రెండు చేతుల మధ్య లాగితే చిరగకుండా పలుచని పొరగా సాగేదాకా పిసకండి. మన మైదాలో మాంసకృత్తులు సాధారణంగా నూటికి పది చుట్టుపక్కల ఉంటాయి. విదేశీ వంటకాల్లో చెప్పే రొట్టెపిండి అంతకన్నా బలమైనది. అందువల్ల అక్కడి కొలతల ప్రకారం నీళ్లు పోస్తే ముద్ద జారిపోతుంది. పాలు చివరి పది మిల్లీలీటర్లు చూసి పోయడం మంచిది.

ఉడికించిన గంజి చేర్చడం జపాన్, చైనా ప్రాంతాల మెత్తని రొట్టెల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. 65 డిగ్రీల దగ్గర పిండిలోని గంజి పదార్థం ఉబ్బి, పచ్చిపిండి పట్టలేనంత నీటిని పట్టుకుంటుంది. అదనంగా చేరిన ఆ నీరే రొట్టెను మర్నాడు కూడా మెత్తగా ఉంచుతుంది.

పాలకేంద్రం

నేను పాల ఉత్పత్తుల రంగంలో పనిచేశాను కాబట్టి చీజ్ గురించి మాత్రమే చెబుతాను. పాలను రెన్నెట్‌తో విరిచి చేసిన చీజ్‌లో కేసీన్ అనే మాంసకృత్తిని క్యాల్షియం వలలా కలిపి ఉంచుతుంది. వేడి తగిలితే ఆ వల సడలుతుంది, కొవ్వు కరుగుతుంది, అందుకే చీజ్ పారుతుంది. బాగా మాగిన చెడ్డార్‌లో కేసీన్ అప్పటికే చిన్నచిన్న తునకలై ఉంటుంది. అందువల్ల అది సాగదు, నూనె మాత్రం త్వరగా వదులుతుంది. మొజరెల్లాను వేడినీటిలో సాగదీసి చేస్తారు కాబట్టి దానికి తీగలు తీగలుగా సాగే గుణం వచ్చింది, కానీ తేమ ఎక్కువ. నీళ్లలో ఉండలుగా అమ్మే తాజా మొజరెల్లా చుట్టలకు అసలు పనికిరాదు. పిజ్జా కోసం చేసే తేమ తక్కువ దిమ్మనే తీసుకోవాలి.

ప్రాసెస్డ్ చీజ్ సంగతి వేరు. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు సోడియం సిట్రేట్ చేర్చి చీజ్‌ను కరిగించి మళ్లీ గట్టిపరిచే పద్ధతిని రూపొందించారు. ఆ లవణం కేసీన్ నుంచి క్యాల్షియాన్ని లాగేస్తుంది. అలా విడుదలైన కేసీన్ కొవ్వునూ నీటినీ కలిపి పట్టుకోగలుగుతుంది. మన దుకాణాల్లో దొరికే దిమ్మలు, చిన్న ఘనాల మీద ఎమల్సిఫయర్ అన్న మాట, 331 లేదా 339 అన్న సంఖ్య కనిపిస్తే అర్థం అదే. ఇవి మెత్తబడతాయి గాని నూనెగా విడిపోయి పారవు. శ్రావణమేఘం గారి మొదటి ఇబ్బందికి సూటి పరిష్కారం ప్రాసెస్డ్ చీజ్ వాడడమే. అందులో ఉప్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి పిండిలో ఉప్పు 4 గ్రాములకు తగ్గించండి.

శాకాహారులకు మరో మాట. రెన్నెట్ దూడల పొట్ట నుంచి కూడా తీస్తారు, సూక్ష్మజీవుల నుంచి కూడా తయారుచేస్తారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉన్నదీ లేనిదీ చూసి తీసుకోండి. ముఖ్యంగా దిగుమతి చీజ్ కొనేటప్పుడు తప్పక చూడాలి.

కందిపొడి

పాలకేంద్రం గారు చెప్పిన రసాయనంతో నాకు పేచీ లేదు గాని, పూర్తిగా ప్రాసెస్డ్ చీజ్‌తో చేయమనడాన్ని ఒప్పుకోలేను. దాని రుచి ఒకే తీరుగా, ఉప్పుప్పగా ఉంటుంది, రోల్ చీల్చినప్పుడు తీగ సాగదు. పిల్లలు చీజ్ రోల్ అడిగేదే ఆ తీగ కోసం. కారకుండా ఉండడమే గొప్పైతే ఇంట్లో ఇంత కష్టపడడం ఎందుకు? మా ఇంట్లో తేమ తక్కువ మొజరెల్లా రెండు పాళ్లు, ప్రాసెస్డ్ చీజ్ ఒక పాలు కలిపి తురుముతాము. సాగడానికి మొదటిది, కారకుండా ఆపడానికి రెండోది. పైన చల్లడానికి కొద్దిగా చెడ్డార్ ఉంటే వాసన బాగుంటుంది. దాన్ని కాల్చడంలో చివరి ఐదు నిమిషాల్లో మాత్రమే చల్లాలి.

ప్యాకెట్ తురుము కన్నా దిమ్మ కొని తురుముకోవడం మంచిదని కూడా నా అభిప్రాయం. ప్యాకెట్ తురుము అతుక్కోకుండా పిండి పదార్థమో సెల్యులోజో చల్లుతారు. దానివల్ల చీజ్ ఒకదానితో ఒకటి కలిసి కరగడానికి ఆలస్యమవుతుంది.

పాలకేంద్రం

కందిపొడి గారూ, మిశ్రమం మంచి ఆలోచన, రుచి విషయంలో మీ మాటే సరైనది. నేను కారడం ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకొని చెప్పాను. అయితే సెల్యులోజ్ పూత వల్ల ఇక్కడ నష్టం కన్నా కొంత మేలే ఉంది, ఎందుకంటే అది తడిని కూడా పీలుస్తుంది. బేకరీపొయ్యి గారు మొక్కజొన్న పిండి కలపమన్నదీ ఆ పని కోసమే. పిజ్జా మీద అడ్డుపడే గుణం చుట్టలో అక్కరకు వస్తుంది.

ఎండకాలం

నేను రామగుండంలో ఉంటాను. మాకు ఏప్రిల్, మే నెలల్లో వంటింట్లో గాలి 38 డిగ్రీలు దాటుతుంది. పైన చెప్పిన కొలతలు శీతకాలంలో చక్కగా కుదురుతాయి గాని, ఎండకాలంలో పిండి పిసుకుతుండగానే పొంగడం మొదలుపెట్టి పులుపు వాసన వస్తుంది, చుట్టేలోపు వెన్న కారిపోతుంది. చాలా వంటకాల్లో పాలు గోరువెచ్చగా పోయాలని రాస్తారు. మన ఎండల్లో ఆ మాట పాటించాలా?

బేకరీపొయ్యి

పాటించకూడదండి. గోరువెచ్చని పాలు చలిదేశాల అవసరం. ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను నానబెట్టవలసిన పని లేదు, అది మైదాలో నేరుగా కలుస్తుంది. పిసికిన తరువాత ముద్ద వేడి 26, 27 డిగ్రీలు ఉండాలన్నది లెక్క. బేకరీల్లో దీనికి ఒక సులువైన కూడిక ఉంది. కావలసిన 27ను మూడుతో గుణిస్తే 81. అందులో నుంచి గది వేడినీ మైదా వేడినీ తీసివేస్తే పోయవలసిన పాల వేడి వస్తుంది. గది 36, మైదా 35 ఉంటే, 81లో 71 పోగా 10 మిగులుతుంది. అంటే పాలు ఫ్రిజ్‌లో నుంచి తీసి నేరుగా పోయాలి. మిక్సర్‌తో కలిపితే రాపిడి వేడి కూడా చేరుతుంది కాబట్టి ఇంకా చల్లగా ఉండాలి. మీ ఊరి ఎండకు మైదాను కూడా ముందు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, గంజిని కూడా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. ఈస్ట్ 5 గ్రాములు కాక 3 గ్రాములు చాలు.

అంతకన్నా మంచి మార్గం, కలిపిన ముద్దను మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ పని చాలా నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదితనం వల్ల రొట్టెకు రుచి కూడా పెరుగుతుంది. తెల్లవారి గట్టిగా, చల్లగా ఉన్న ముద్దను పరచడం తేలిక, చీజ్ కూడా చుట్టేటప్పుడు చల్లగానే ఉంటుంది. వేసవిలో నేను ఇంకో పద్ధతి సూచించను.

ముద్దమందారం

పెద్దలు ఇంత శ్రద్ధగా చెబుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా ఇంట్లో ఓవెన్ లేదు, పెనం, ప్రెషర్ కుక్కర్ మాత్రమే ఉన్నాయి. చీజ్ ఖరీదు కూడా ఎక్కువ. దాని బదులు పనీర్ తురిమి చుట్టవచ్చా?

పాలకేంద్రం

పనీర్ కరగదండి. పాలను బాగా కాచి నిమ్మరసంతోనో మరో పులుపుతోనో విరిచినప్పుడు మాంసకృత్తులు పట్టుకునే తీరే వేరు, క్యాల్షియం నీటిలోకి వెళ్లిపోతుంది. తరువాత ఎంత వేడిచేసినా అది సడలదు. పనీర్‌తో చేసిన చుట్ట రుచిగానే ఉండవచ్చు, కానీ అది చీజ్ రోల్ కాదు. పనీర్ సగం, ప్రాసెస్డ్ చీజ్ సగం కలిపితే ఖర్చు తగ్గుతుంది, చీజ్ కరిగి పనీర్ పొడిని అతికిస్తుంది.

దక్షిణద్వీపం

ముద్దమందారం గారికి ఒక మాట. నేను న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని డునెడిన్‌లో ఉంటున్నాను. ఇక్కడ చీజ్ రోల్ అంటే ఈస్ట్ పిండితో చేసేది కాదు. ఇన్వర్‌కార్గిల్ కేంద్రంగా ఉన్న సౌత్‌లాండ్ ప్రాంతం, మా ఒటాగో ప్రాంతం దీనికి ప్రసిద్ధి. తెల్ల బ్రెడ్ ముక్క మీద చీజ్ మిశ్రమం రాసి, చుట్టి, వెన్న పూసి కాలుస్తారు. దీన్ని ముద్దుగా సౌత్‌లాండ్ సుషి అని కూడా పిలుస్తారు. పాఠశాలలు, క్రీడాసంఘాలు నిధులు పోగుచేయడానికి తల్లిదండ్రులంతా కలిసి డజన్ల లెక్కన వీటిని చుట్టి అమ్మడం ఇక్కడ మామూలు. నేను కూడా అలా చుట్టినవారి వరుసలో నిలబడ్డాను, ఆ పని నాకు చాలా ఇష్టం.

మిశ్రమంలో తురిమిన చెడ్డార్, చిక్కబరచిన పాలు, ఉల్లిపాయ సూప్ పొడి ఉంటాయి. వీటిని చిన్న మంట మీద కలిపి చిక్కబడ్డాక చల్లారుస్తారు. మన దగ్గర చక్కెర లేని చిక్కని పాలు దొరకకపోతే, పాలను సగానికి మరిగించి వాడుకోవచ్చు. తీపి కండెన్స్‌డ్ మిల్క్ మాత్రం పనికిరాదు. సూప్ పొడికి బదులు ఉల్లిపాయను సన్నగా తరిగి, వెన్నలో తడి పూర్తిగా ఆరేదాకా వేయించి కలిపితే నా అనుభవంలో రుచి ఇంకా బాగుంటుంది. బ్రెడ్ అంచులు తీసేసి, అప్పడాల కర్రతో ఒకసారి ఒత్తితే చుట్టేటప్పుడు విరగదు. చుట్టిన అంచు కిందికి ఉండేలా, వెన్న పూసిన పెనం మీద మూతపెట్టి, సన్నని సెగ మీద అన్ని వైపులా తిప్పుతూ కాల్చండి. ఓవెన్ అక్కరలేదు, ఈస్ట్ అక్కరలేదు. ముందుగా చల్లార్చిన మిశ్రమం కాబట్టి కారదు కూడా.

ముద్దమందారం

దక్షిణద్వీపం గారూ, మీకు కృతజ్ఞతలు. ఇది మా వంటింట్లో సాధ్యమయ్యే పని. పాలు మరిగించే పద్ధతితోనే చేస్తాను.

కందిపొడి

ఉల్లిపాయ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓవెన్‌లో చేసేవారికి కూడా చెబుతున్నాను. పచ్చి ఉల్లిపాయ, టమాటా, క్యాప్సికం ముక్కలు చుట్టలో పెట్టవద్దు, అవి వదిలే నీటితో మళ్లీ ఖాళీలు ఏర్పడతాయి. మన రుచికి వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు సన్నగా తరిగి 20 గ్రాముల వెన్నలో కరకరలాడేదాకా వేయించి, చల్లారాక పలుచగా పూసి, దాని మీద చీజ్ చల్లితే ఎంతో బాగుంటుంది. నల్లకారం కూడా ఒకసారి ప్రయత్నించదగినది, కానీ దానిలో ఉప్పు ఉంటుందని మరవవద్దు.

శ్రావణమేఘం

అందరికీ ధన్యవాదాలు. బేకరీపొయ్యి గారి కొలతలతో, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన ముద్దతో, కందిపొడి గారు చెప్పిన రెండుకు ఒకటి మిశ్రమం చల్లి, మధ్య అరలో 180 డిగ్రీల వద్ద కాల్చాను. ట్రే అడుగున చీజ్ దాదాపు లేదు. తీగ సాగింది. పిల్లలు సాయంత్రానికే సగం ఖాళీ చేశారు. రొట్టె మెత్తదనం మునుపటితో పోల్చలేనంత బాగుంది. చుట్టల మధ్య ఖాళీ తగ్గింది గాని, నడిమధ్యలో ఉన్న చుట్ట మాత్రం పైకి గోపురంలా పొడుచుకొని వస్తోంది. మిగిలిన వాటిని ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ కొంచెం బిరుసెక్కాయి. ఈ రెండింటికీ ఏమి చేయాలి?

బేకరీపొయ్యి

మధ్యభాగం పొడుచుకు రావడానికి కారణం బిగించి చుట్టడం. లోపలి చుట్టకు పక్కలకు పెరిగే చోటు లేక పైకి లేస్తుంది. ముద్దను 30 సెంటీమీటర్లకు 27 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రంగా పరచండి. 27 సెంటీమీటర్ల అంచు మీ వైపు ఉంచుకొని, అవతలి అంచున రెండు వేళ్ల వెడల్పు చీజ్ లేకుండా వదిలి, లాగకుండా వదులుగా చుట్టండి. వదిలిన అంచును తడిచేసి గట్టిగా అతికించండి. కత్తితో కోస్తే చుట్ట నలిగి పొరలు అతుక్కుంటాయి. కుట్టుదారాన్ని చుట్ట కిందికి పోనిచ్చి, పైన రెండు కొసలూ అటుదిటు చేసి లాగితే శుభ్రంగా తెగుతుంది. మూడేసి సెంటీమీటర్ల చొప్పున తొమ్మిది ముక్కలు వస్తాయి, అవి 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలో పక్కపక్కన సరిపోతాయి. ఒకదానికొకటి ఆనుకొని కాలడం వల్ల పక్కలు మెత్తగా ఉంటాయి.

మీకు చుట్ట కన్నా మూసిన రోల్ ఇష్టమైతే, బొబ్బట్టులో పూర్ణం మూసినట్లే ముద్ద మధ్యలో చీజ్ ఘనాన్ని పెట్టి, అంచులు చేర్చి నొక్కి, ఆ నొక్కిన వైపు కిందికి పెట్టండి. ఘనాన్ని ముందుగా అరగంట ఫ్రీజర్‌లో ఉంచితే రొట్టె గోడ గట్టిపడే వరకూ చీజ్ నిలుస్తుంది. ఇక్కడ కూడా ఘనం మీది తడిని తుడిచే పెట్టాలి.

బిరుసెక్కడం గురించి చెప్పాలంటే, రొట్టెకు ఫ్రిజ్ మంచిది కాదు. ఉడికిన గంజి పదార్థం మళ్లీ గట్టిపడే ప్రక్రియ ఫ్రిజ్‌లోని చలిలోనే అన్నింటికన్నా వేగంగా జరుగుతుంది. చీజ్ ఉన్న రొట్టెను మన వేడిలో రోజంతా బయట ఉంచడమూ మంచిది కాదు. అందువల్ల ఆ పూటకు తినగా మిగిలినవి పూర్తిగా చల్లారాక, ఒక్కొక్కటిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు తీసి, కొద్దిగా నీళ్లు చిలకరించి, 160 డిగ్రీల వద్ద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేడిచేయండి. పొయ్యిలో నుంచి తీయగానే పైన వెన్న పూసి, పలుచని గుడ్డ కప్పడం కూడా మానవద్దు.

ఎండకాలం

కాల్చకముందే, కోసిన ముక్కలను ఫ్రీజర్‌లో పెట్టి నెల తరువాత కాల్చుకోవచ్చా అండి? పండుగలకు చుట్టాలు వచ్చినప్పుడు పని తగ్గుతుందని అడుగుతున్నాను.

బేకరీపొయ్యి

పెట్టవచ్చు గాని నెల ఎక్కువ. గడ్డకట్టినప్పుడు ఈస్ట్‌లో కొంత చనిపోతుంది, రోజులు గడిచేకొద్దీ పొంగే శక్తి తగ్గుతుంది. రెండు వారాల లోపు వాడుకోండి, ఈస్ట్ మొదటే ఒక గ్రాము పెంచండి. కోసిన వెంటనే, రెండోసారి పొంగకముందే గడ్డకట్టించాలి. ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, తెల్లవారి బయట పెట్టి, వేలి గుంట పరీక్ష చూసుకొని కాల్చండి. నాకైతే నూటికి ఎనభై పాళ్లు కాల్చి చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టి, చుట్టాలు వచ్చాక చివరి ఏడెనిమిది నిమిషాలు కాల్చడమే ఎక్కువ నమ్మకమైన పద్ధతి. పైచీజ్ అప్పుడే చల్లితే ఇంటినిండా వాసన వస్తుంది.